ఇన్‌హేలర్ సరిగా వాడించడం: ఆరోగ్య సిబ్బంది శిక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో తెలుగు మాట్లాడే నర్సులు, ఫార్మసిస్టులు, ఆశా కార్యకర్తలు, క్లినిక్ సహాయకుల కోసం మేము ఒకరోజు శిక్షణ జరుపుతున్నాం. ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవారికి ఇన్‌హేలర్ ఎలా వాడాలో నేర్పేవారికి నేర్పడమే దీని పని. చేరబోయేవారు ఫోనులో అడిగేవీ, శిక్షణ మధ్యలో అడిగేవీ, ఇంటికి వెళ్లాక సందేహం వచ్చి అడిగేవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. కొన్నిటికి జవాబు పొడుగైంది. అవి మా అందరికీ ఎక్కువ పట్టింపు ఉన్న విషయాలు.

ఎవరు చేరవచ్చు?

రోగి చేతికి ఇన్‌హేలర్ అందించే ఎవరైనా చేరవచ్చు. వార్డు నర్సు, మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడే కుర్రవాడు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే సోదరి, ఫిజియోథెరపీ చదివే విద్యార్థి, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. వైద్యులు వస్తే మరీ సంతోషం. చీటీ రాసే చేయి ఒక్కసారైనా ఇన్‌హేలరు పట్టి చూడాలని నా గట్టి కోరిక.

నేను పదిహేనేళ్లుగా నర్సుగా ఉన్నాను. ఇన్‌హేలర్ వాడటం నాకు మళ్లీ నేర్పాలా?

ఈ ప్రశ్న కొంత నొచ్చుకుంటూ అడుగుతారు. ఆ నొప్పి నాకు తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు నన్నూ ఇలాగే కూర్చోబెట్టారు. అప్పటికి ఏడేళ్ల అనుభవం ఉంది. ఖాళీ ఇన్‌హేలర్ చేతికిచ్చి 'చేసి చూపించు' అన్నారు. ఊపిరి బయటికి వదలకుండానే నొక్కాను. అంతకుముందు ఏడేళ్లలో ఎంతమందికి అదే తప్పు అప్పగించి ఉంటానో తలచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇది నా ఒక్కదాని సంగతి కాదు. 2018లో వెలువడిన ఒక సమీక్ష ప్రపంచవ్యాప్తంగా జరిగిన 55 అధ్యయనాలను పోగుచేసి చూసింది. వాటిలో 6,304 మంది వైద్య సిబ్బంది ఉన్నారు. ఇన్‌హేలరును సరిగా వాడి చూపగలిగినవారు 15.5 శాతమే. 1975 నుంచి 1995 వరకు 20.5 శాతంగా ఉన్నది తర్వాతి రెండు దశాబ్దాల్లో 10.8 శాతానికి పడిపోయింది. 2016లో రోగులపై వచ్చిన మరో సమీక్షలో 54,354 మంది లెక్కకు వచ్చారు. వారిలో సరైన పద్ధతి ఉన్నవారు 31 శాతం. నలభై ఏళ్లలో ఆ అంకె మెరుగుపడనే లేదు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. నేర్పవలసిన మనం నేర్చుకోవలసిన వారికన్నా వెనకబడి ఉన్నాం. రోగి మతిమరుపనో, పెద్దవయసనో సరిపెట్టుకునే ముందు మన చేతులు ఒకసారి చూసుకోవాలి. అందుకే పదిహేనేళ్ల అనుభవం ఉన్నా, పదిహేను రోజుల అనుభవం ఉన్నా మొదటి మెట్టు ఒకటే.

మొదటి గంటలో ఏం జరుగుతుంది?

పాఠం చెప్పం. మందు లేని నమూనా ఇన్‌హేలర్లు ఇచ్చి, మీకు తెలిసినట్టు వాడమంటాం. జంటగా కూర్చున్న ఒకరు చేస్తుంటే రెండోవారు ఒక్కో అంచె గుర్తు పెట్టుకుంటారు. మార్కులు ఎవరికీ చదివి వినిపించం. సాయంత్రం ఇంటికెళ్లే ముందు అదే పరీక్ష మళ్లీ ఉంటుంది. పొద్దుటి కాగితం, సాయంత్రం కాగితం రెండూ మీ దగ్గరే ఉంటాయి.

ఈ గంటలో చాలామంది ముఖాలు చిన్నబోతాయి. ఫరవాలేదు. తప్పు తన చేతిలో కనిపించినవారు రోగి చేతిలోనూ ఇట్టే పట్టుకుంటారు.

స్ప్రే ఇన్‌హేలరును సరిగా వాడటం అంటే అసలు ఏమిటి?

చాలామంది 'పంపు' అని పిలిచేది ఇదే, నొక్కితే మందు చిమ్మేది. 1956లో ఇది మార్కెట్లోకి వచ్చింది. ఉబ్బసం ఉన్న ఒక అమెరికా అమ్మాయి, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా నా మందు ఎందుకు ఉండకూడదని మందుల కంపెనీ అధికారి అయిన తండ్రిని అడిగిందట. ఆ ప్రశ్న లోంచి పుట్టిన వస్తువు ఇది. చూడటానికి ఎంత సులువుగా ఉంటుందో వాడటానికి అంత మెళకువ కావాలి.

మూత తీయాలి. తీశాక లోపలికి ఒకసారి చూడాలి. జేబులోనో చేతిసంచిలోనో తిరిగిన ఇన్‌హేలరులో చిన్న చిన్న వస్తువులు ఇరుక్కుంటాయి. బాగా కుదపాలి. డబ్బా అడుగుభాగం పైకి ఉండేలా నిలువుగా పట్టుకోవాలి, చూపుడువేలు పైన, బొటనవేలు కింద. వేళ్లలో బలం లేని పెద్దవారు రెండు చేతులతో పట్టుకోవచ్చు. తర్వాత ఊపిరిని నింపాదిగా, వీలైనంత బయటికి వదలాలి. నిండిన కుండలో నీళ్లు పోస్తే ఏమవుతుందో, గాలి నిండిన ఛాతీలోకి మందు పంపినా అదే అవుతుంది.

అప్పుడు పెదవులు గట్టిగా మూసి, నాలుక అడ్డం రాకుండా, నోటితో నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టాలి. మొదలైన వెంటనే ఒక్కసారి నొక్కాలి. నొక్కాక ఆగకూడదు. పెద్దవారైతే నాలుగైదు సెకన్ల పాటు అదే నిదానంతో పీలుస్తూ ఉండాలి. తర్వాత ఇన్‌హేలరు తీసి, నోరు మూసి, పది సెకన్లు లేదా ఓర్చుకోగలిగినంత సేపు ఊపిరి బిగబట్టాలి. రెండోసారి కావలసి వస్తే అర నిమిషం నుంచి ఒక నిమిషం ఆగి, మళ్లీ కుదిపి, మొదటి నుంచి చేయాలి.

మా బల్ల దగ్గర ఎక్కువగా కనిపించే తప్పులు మూడు. ముందు నొక్కేసి తర్వాత పీల్చడం, లేదా పీల్చడం అయిపోయాక నొక్కడం. భయంతో ఒక్కసారిగా వేగంగా లాగేయడం. ఊపిరి బిగబట్టకపోవడం. వేగంగా లాగితే మందు తుంపరలు మలుపు తిరగలేక గొంతు వెనకగోడకు కొట్టుకుంటాయి. ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లగలిగేది సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల కణమే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మన వెంట్రుక మందంలో అది ఎన్నో వంతో ఊహించుకుంటే, ఆ కణానికి నిదానం ఎందుకు కావాలో అర్థమవుతుంది.

కొత్త ఇన్‌హేలరునూ, చాలా రోజులు వాడకుండా ఉంచినదాన్నీ మొదట గాలిలోకి కొన్నిసార్లు నొక్కి సిద్ధం చేసుకోవాలి. ఎన్నిసార్లు అన్నది పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. ఆ కాగితం చదివే అలవాటు రోగి కన్నా ముందు మనకు కావాలి.

పొడి ఇన్‌హేలరుకు కూడా ఇదే పద్ధతా?

కాదు. ఈ ఒక్క తేడా మీకు రాత్రి నిద్రలో అడిగినా గుర్తుండాలి. స్ప్రేలో మందును చిమ్మే బలం డబ్బాలోనే ఉంది, రోగి నిదానంగా పీలిస్తే చాలు. పొడి ఇన్‌హేలరులో ఆ బలం రోగి ఊపిరే. మొదటి క్షణం నుంచే బలంగా, వేగంగా, లోతుగా లాగాలి. మెల్లగా మొదలుపెట్టి చివర్లో ఊపు అందుకుంటే పొడి సరిగా విడివడదు.

మన దగ్గర ఎక్కువమంది వాడే రోటాహేలరు సంగతి చూద్దాం. చేతులు పొడిగా ఉండాలి. క్యాప్సూలును అప్పటికప్పుడే పొట్లం నుంచి తీయాలి, ముందే తీసి పెట్టుకుంటే చెమ్మ పడుతుంది. పారదర్శకంగా ఉన్న కొన కిందికి వచ్చేలా చదరపు రంధ్రంలో గట్టిగా నొక్కాలి. అడుగుభాగం పూర్తిగా తిప్పితే క్యాప్సూలు రెండుగా విడుతుంది. ఊపిరి వదలాలి, కానీ ముఖం పక్కకు తిప్పి వదలాలి. ఇన్‌హేలరులోకే వదిలితే పొడి తడిసి ముద్దవుతుంది. తర్వాత పెదవులు బిగించి బలంగా లాగి, ఊపిరి బిగబట్టాలి. తెరిచి చూసి పొడి మిగిలి ఉంటే మళ్లీ లాగాలి.

క్యాప్సూలును నీళ్లతో మింగేసేవారు ఇప్పటికీ ఉన్నారు. నవ్వకండి. క్యాప్సూలు చేతికిచ్చి 'రోజుకు రెండు' అని మాత్రమే చెబితే ఎవరైనా మింగుతారు. ఆ తప్పు పూర్తిగా మనది.

ఒకే మనిషికి ఒక స్ప్రే, ఒక పొడి ఇన్‌హేలరు రెండూ రాసి ఉంటే పద్ధతులు తారుమారవుతాయి. వీలైతే రెండూ ఒకే రకం ఉండేలా చూడమని వైద్యులను అడగండి. అడగడం మన హద్దు దాటడం కాదు.

తెలుగులో రోగికి ఏ మాటలతో చెప్పాలి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. మాట తప్పితే పద్ధతీ తప్పుతుంది.

మొదటి చిక్కు 'కొట్టుకోవడం' అనే మాట. 'పంపు కొట్టుకున్నావా తాతా?' అని మనమే అడుగుతాం. కొట్టుకోవడం అంటే అత్తరు కొట్టుకున్నట్టు, దోమల మందు కొట్టినట్టు. తాత నోరు తెరిచి, నాలుక మీద ఒకసారి నొక్కి, మూత పెట్టేస్తాడు. ఆయన మనం చెప్పిందే చేశాడు. అందుకే మా శిక్షణలో ఆ మాట పక్కన పెట్టి 'మందును లోపలికి లాగడం' అంటాం.

రెండోది 'పీల్చండి'. చాలామందికి పీల్చడం అంటే ముక్కుతో పీల్చడమే. నేను చాలాకాలం 'మల్లెపూల వాసన చూసినట్టు నెమ్మదిగా' అని చెప్పేదాన్ని. చక్కగా ఉందని మురిసిపోయాను కూడా. ఒకరోజు హిందూపురం నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ పెదవులు బిగించి, ఇన్‌హేలరు నొక్కి, చక్కగా ముక్కుతో గాలి పీల్చింది. మందంతా నోట్లోనే. ఆమెకు మల్లెపూలు గుర్తుచేసింది నేనే. ఇప్పుడు 'నోటితో' అనే మాట ప్రతిసారీ ముందు పెడతాను.

పొడి ఇన్‌హేలరుకు మాత్రం ఒక పోలిక బాగా పనిచేస్తోంది: కొబ్బరిబోండంలో గొట్టం వేసి చివరి నీళ్లను ఒక్క ఊపులో లాగినట్టు. స్ప్రేకు పోలిక కన్నా లెక్క మేలు. మనం పక్కన నిలబడి 'ఒకటి, రెండు, మూడు, నాలుగు' అని నింపాదిగా లెక్కపెడుతుంటే వారి ఊపిరి మన లెక్క వెంట నడుస్తుంది. బిగబట్టే పది సెకన్లకు వేళ్లు ముడవమంటాను. చదువు రాని పెద్దవారికి కూడా వేళ్లు ఉన్నాయి కదా.

'పిల్లికూతలు', 'ఆయాసం', 'ఎగశ్వాస' లాంటి ఇంటి మాటలు వాడండి. వాళ్లు ఏ మాట వాడితే ఆ మాటే వాడండి.

మా వార్డులో కన్నడం, తెలుగు, తమిళం, హిందీ అన్నీ వినిపిస్తాయి. ఎలా నెగ్గుకు రావాలి?

బెంగళూరులో ఇది రోజూ ఉండేదే. అనంతపురం, చిత్తూరు, మదనపల్లె నుంచి పొద్దున్నే రైలో బస్సో దిగి వచ్చే తెలుగు రోగులకు కన్నడ నర్సు నేర్పుతుంది. కోలారు నుంచి వచ్చినవారైతే రెండు భాషల్లోనూ జవాబు చెబుతారు. కన్నడంలో ఊపిరిని 'ఉసిరు' అంటారు. మన 'ఉసురు'కు చుట్టం. తెలుగులో ఉసురు అంటే ప్రాణం. ఆ ఒక్క మాట పట్టుకుని మా కన్నడ సోదరీమణులు తెలుగు రోగులతో ఎంత దగ్గరైపోతారో చూస్తే ముచ్చటేస్తుంది.

భాష అసలు కలవనప్పుడు ఒకటే దారి: మీరు చేసి చూపించండి, వారిని చేయమనండి, తప్పిన చోట వారి చేతిని మెల్లగా సరిచేయండి.

'మీకు వాడటం తెలుసా?' అంటే అందరూ తెలుసనే అంటారు. ఏం చేయాలి?

ఆ ప్రశ్న మానేయండి. పెద్దవారు తెలియదని చెప్పడానికి చిన్నతనంగా భావిస్తారు. వెనక నలుగురు వరుసలో ఉంటే మరీను. 'అమ్మా, మీరు ఇంట్లో ఎలా వాడుతున్నారో నాకు ఒకసారి చూపించండి' అనండి. మీ చేతులు వెనక్కి కట్టుకుని పూర్తయ్యేవరకు చూడండి. మధ్యలో అందుకుని సరిచేయకండి. సగంలో ఆపితే మిగతా సగంలో ఏ తప్పు ఉందో ఎన్నటికీ తెలియదు.

అయ్యాక సరిగా చేసినవి ముందు చెప్పండి. తర్వాత ఒకటో రెండో తప్పులు మాత్రమే సరిచేయండి. ఐదు తప్పులు ఒకేసారి చెబితే ఇంటికి చేరేసరికి ఒక్కటీ మిగలదు. తర్వాత మీరు చేసి చూపండి, మళ్లీ వారిని చేయమనండి. ఈ చూపించడం, చేయించడం సరిగా వచ్చేవరకు రెండు మూడుసార్లు సాగాలి. ఉబ్బసంపై ప్రపంచవ్యాప్తంగా అనుసరించే జీనా మార్గదర్శకాలు కూడా నాలుగు పనులు చెబుతాయి: తగిన ఇన్‌హేలరు ఎంచడం, వాడే తీరు పరిశీలించడం, సరిదిద్దడం, నేర్పే మనకు అది వచ్చని నిర్ధారించుకోవడం. ఆ నాలుగోది అందులో ఉందని చాలామందికి తెలియదు.

మందుల షాపులో అంత సమయం ఎక్కడిది?

రెండు మూడు నిమిషాలు. అంతకన్నా ఎక్కువ పట్టదు. చిల్లర వెతికేంత సేపు. రద్దీ వేళ అది కూడా కష్టమని తెలుసు. కనీసం కొత్తగా ఇన్‌హేలరు కొంటున్నవారినీ, నెల తిరగకుండానే ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలరు మళ్లీ కొంటున్నవారినీ ఆపండి. రెండోవారు ప్రమాదానికి దగ్గరగా ఉన్నారు. వారిని వైద్యుల దగ్గరికి పంపడం మీ బాధ్యత.

ఒకసారి నేర్పితే చాలదా?

చాలదు. నేర్చుకున్న పద్ధతి నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ జారిపోతుంది. ఇది రోగులకే కాదు, మనకూ వర్తిస్తుంది. అందుకే నెలన్నరకు మిమ్మల్ని మళ్లీ పిలుస్తాం. అరగంట పని. రాలేనివారు ఫోనులో వీడియో తీసి పంపితే చూసి చెబుతాం.

స్పేసర్ అందరికీ అవసరమా? ఖరీదు అనుకునేవారికి ఏం చెప్పాలి?

స్పేసర్ అంటే స్ప్రే ఇన్‌హేలరుకూ నోటికీ మధ్య తగిలించే బోలు గొట్టం. చిన్నపిల్లలకు, వృద్ధులకు, నొక్కడం పీల్చడం ఒకేసారి కుదరనివారికి, స్టెరాయిడ్ స్ప్రే వాడేవారికి స్పేసర్ ఎంతో మేలు. పెద్ద తుంపరలు గొట్టంలోనే ఉండిపోయి సన్నవి మాత్రమే లోపలికి వెళతాయి. గొంతులో పడే మందు తగ్గుతుంది. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు మాస్కు ఉన్నది కావాలి, మాస్కు ముఖానికి సందు లేకుండా అతకాలి. ఏడుస్తున్న బిడ్డకు మందు సరిగా అందదు. తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, ముందు బొమ్మకు పెట్టి చూపించి, తర్వాత బిడ్డకు పెట్టండి.

ఒక్కసారి నొక్కి వెంటనే పీల్చాలి. ఐదారు మామూలు ఊపిరులు తీసుకున్నా సరిపోతుంది. 'రెండు పఫ్‌లు' అని రాశారని రెండూ ఒకేసారి గొట్టంలోకి నొక్కితే మందు తగ్గిపోతుంది. కడిగే తీరు కూడా నేర్పాలి: నెలకోసారి గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక చుక్క వేసి ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్కు మీద స్థిర విద్యుత్తు పుట్టి మందును గోడకే అంటించుకుంటుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు దాన్ని తళతళ మెరిసేలా తుడిచి దాస్తారు. ప్రేమతో చేసే పనే మందును తగ్గిస్తుందని చెప్పినప్పుడు వారి ముఖం చూడలేం.

కొనలేనివారి గురించి. దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్‌లో హెదర్ జార్ అనే పిల్లల వైద్యురాలి బృందం 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాను స్పేసరుగా మార్చి, ఉబ్బసం తిరగబెట్టిన పిల్లలపై పరీక్షించింది. 1999లో ఆ ఫలితం ప్రచురితమైంది. ఇన్‌హేలరు మూతి సరిగ్గా పట్టే రంధ్రం సీసా అడుగున చేసి, సందులు మూసేస్తే అది కొన్న స్పేసరుతో సమానంగా పనిచేసింది. సందులు మూయని సీసా, థర్మోకోల్ కప్పు అంత బాగా పనిచేయలేదు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఈ సీసా తయారీ అందరిచేతా చేయిస్తాం.

ఆయాసం ఎక్కువైనప్పుడు నెబ్యులైజరే (మందును ఆవిరిలా మార్చి మాస్కుతో పీల్పించే యంత్రం) గొప్పదని ఇంకా చాలామంది నమ్ముతున్నారు. ప్రాణాపాయ స్థితి కానప్పుడు స్ప్రే, స్పేసర్ కలిపి వాడితే దానితో సమానమైన ఫలితం వస్తుంది.

'ఇన్‌హేలరు అలవాటైతే వదలదు', 'అది చివరి మందు' అంటారు. ఏమని చెప్పాలి?

ముందు వినండి. ఆ భయం వెనక ఎవరో ఒకరి కథ ఉంటుంది. ఆడపిల్ల అయితే పెళ్లి సంబంధం భయం కూడా ఉంటుంది. అది దాచి, ఇన్‌హేలరును స్నానాల గదిలో పెట్టుకుని వాడే పిల్లలను చూశాను. ఆ గదిలో హడావుడిగా లాగితే పద్ధతి ఎలా కుదురుతుంది?

తర్వాత లెక్క చెప్పండి. ఆయాసానికి ఉపశమనం ఇచ్చే సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు. అదే మందు స్ప్రేలో ఒకసారి నొక్కితే 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్రలో నలభై నొక్కులంత మందు ఉంది, అది ఒళ్లంతా తిరిగి చేతులు వణికించి, గుండె దడ పుట్టించి, ఆ తర్వాత ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇన్‌హేలరు మందు చేరవలసిన చోటికే నేరుగా వెళ్తుంది. కూరగాయల కొట్టు నడిపే ఒకాయన ఈ లెక్క విని, 'అయితే ఇన్నాళ్లూ నేను ఇంటి మొక్కకు నీళ్లు పోయడానికి వీధంతా తడిపాను' అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట నేనూ వాడుతున్నాను.

ఉపశమనం ఇచ్చేది, రోజూ వాడవలసినది రెండూ వేరని విడమరిచి చెప్పాలి. రంగు గుర్తు చెప్పకండి, కంపెనీ మారితే రంగు మారవచ్చు. 2019 నుంచి జీనా, పెద్దవారికీ కౌమారంలో ఉన్నవారికీ ఉపశమనపు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని చెబుతోంది. ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించే మందు తోడుండాలి. 'బాగానే ఉందిగా' అని రోజువారీ ఇన్‌హేలరు ఆపేసేవారికి ఈ మాట తప్పకుండా చేరాలి.

మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్లి చేప మందు తీసుకుంటామంటే?

బెంగళూరులోని తెలుగు కుటుంబాల్లో ప్రతి జూన్‌లోనూ ఈ మాట వస్తుంది. వాదానికి దిగితే వారు మళ్లీ మన దగ్గరికి రారు. నేను ఒక్కటే అడుగుతాను: 'వెళ్లినా ఇన్‌హేలరు మాత్రం ఒక్క పూట కూడా ఆపనని నాకు మాటివ్వండి. ప్రయాణంలో సంచిలో కాదు, చేతికందేలా పెట్టుకోండి.' నా అభిప్రాయం అడిగినవారికి, అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని వైద్యంలో రుజువు లేదని సూటిగా చెబుతాను.

ఇన్‌హేలరు అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

మిగిలిన మోతాదుల లెక్క చూపే అంకెల గడి ఉంటే అదే చూడాలి. లేకపోతే డబ్బా మీద రాసిన మోతాదుల సంఖ్యను రోజువారీ వాడకంతో భాగించి, అయిపోయే తేదీని కొన్నరోజే డబ్బా మీద రాసివ్వండి. నీళ్లలో వేసి తేలుతుందో మునుగుతుందో చూసే పాత పద్ధతి నమ్మదగినది కాదు. కుదిపితే చప్పుడు వస్తుందన్నది కూడా సాక్ష్యం కాదు, మందు అయిపోయినా చిమ్మే ద్రవం మిగిలి ఉంటుంది.

నోరు ఎప్పుడు కడుక్కోవాలి?

స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలరు వాడిన ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి, మింగకూడదు. లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు వస్తాయి. పళ్లు తోముకునే ముందు వాడే అలవాటు చేస్తే మరిచిపోరు.

నమూనా ఇన్‌హేలర్లు అందరూ నోట్లో పెట్టుకుంటే అంటువ్యాధుల మాట?

మా దగ్గర ఎవరి నమూనా వారిదే. పేరు రాసిన సంచిలో ఇస్తాం, సాయంత్రం ఇంటికి తీసుకెళ్లవచ్చు. మీ వార్డులో ఒకే నమూనా ఉంటే దాన్ని నోటికి తాకించకుండా చూపించండి, రోగి తన సొంత ఇన్‌హేలరుతోనే చేయాలి. క్షయ రోగులు కూడా వచ్చే చోట ఈ విషయంలో రాజీ వద్దు.

బెంగళూరు గాలికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. పిల్లల వైద్యులు డాక్టర్ హెచ్. పరమేశ్ ఈ నగరంలో తమ ఆస్పత్రికి వచ్చిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. ఉబ్బసం ఉన్నవారు 1979లో 9 శాతం ఉంటే 1999 నాటికి 29.5 శాతానికి చేరారని ఆయన లెక్క తేల్చారు. వాహనాల పొగ, దుమ్ము, ఖాళీ స్థలాల్లో విరగబూసే వయ్యారిభామ పుప్పొడి, మన వంటిళ్లలో పోపు ఘాటు అన్నీ మన రోగులకు గండాలే. గాలిని మనం ఈ వారంలో మార్చలేం. ఒక మనిషి చేతిలోని ఇన్‌హేలరు సరిగా పనిచేసేలా మాత్రం ఈ రోజే చేయగలం.

మేము మోతాదు మార్చమని చెప్పవచ్చా?

వద్దు. పద్ధతి సరిచేయడం మన పని, మందు మార్చడం వైద్యులది. కానీ మందు పనిచేయడం లేదని మోతాదు పెంచబోతుంటే, 'ఆయన పద్ధతి నేను చూశాను, ఈ తప్పు ఉంది' అని చెప్పడం మీ హక్కు. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేని ఆయాసం, నీలిరంగు తిరిగిన పెదవులు, మగత, ఉపశమనపు మందు వాడినా ఊపిరాడకపోవడం కనిపిస్తే శిక్షణ అంతా పక్కన పెట్టి వెంటనే అత్యవసర విభాగానికి పంపండి.

వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

మీ చోట రోగులకు ఎక్కువగా ఇచ్చే ఇన్‌హేలర్ల పేర్లు రాసి తీసుకురండి, వాటితోనే సాధన చేద్దాం. శుభ్రమైన 500 మిల్లీలీటర్ల ఖాళీ నీళ్ల సీసా ఒకటి. పెదవులకు రంగు వేసుకుని రావద్దు, నమూనా మూతికి అంటుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే వారు వాడే ఇన్‌హేలరును వారి చేత ఒకసారి వాడించి చూసి రండి. ఏం కనిపించిందో పొద్దున మాకు చెప్పండి, ఆ రోజు పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాం.